గొట్టంలో గాలి

మా తమ్ముడు గార్త్‌కి లోకంలో ఒక్కటే శత్రువు, గాలి. పెళ్లాం షెరిల్ వదిలేసి పోయినప్పుడు కూడా వాడు ఆవిణ్ణి అంతలా తిట్టలేదు. బీరు పీపా మూత తీసి లోపలికి తొంగిచూసినవాణ్ణి మాత్రం, ఎంతటి స్నేహితుడైనా సరే, షెడ్డులోంచి గెంటేసేవాడు. "చూస్తే ఏమొస్తుందిరా నీకు? నువ్వు చూసిన ఆ అర నిమిషంలో నెల్లాళ్ల పని గంగలో కలిసింది" అని వీధి మలుపుదాకా వెంటబడి అరిచేవాడు.

వాడు ముప్ఫై ఏళ్లు రివాకాలో, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్ కాయలు ఆరబెట్టే బట్టీ నడిపాడు. నేను ఇరవై రెండేళ్లు మోటుయేకా ఆపిల్ షెడ్డులో కాయలు కదిలే బెల్టు పక్కన నిలబడి మచ్చకాయలు ఏరాను. వాడికి చెయ్యి, నాకు కన్నూ నాలుకా. "గార్త్ చేసిన బీరు, నోలీన్ చెప్పిన రుచి" అని మా లోయలో ఒక మాట ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా నేను వినపడనట్టు నటించేదాన్ని. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని.

అక్టోబరులో వాడు వంటగదిలో రక్తం కక్కుకుని పడిపోయాడు. కాలేయం రాయిలా గట్టిపడిపోయిందన్నారు. ఇంకొకరి కాలేయం వేస్తే తప్ప బతకడని, దానికి ఆక్లాండ్ ఆసుపత్రి జాబితాలో పేరెక్కాలని, పేరెక్కాలంటే ఆరు నెలలు చుక్క ముట్టకూడదని చెప్పారు. ఒక్క చుక్క పడిందంటే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అసలు మాట అప్పుడు చెప్పాడు. "గార్త్ గారూ, మీ దగ్గర ఆరు నెలలున్నాయి. పన్నెండు లేవు."

నేను వాణ్ణి నా ఇంటికి తెచ్చుకున్నాను. షెరిల్ ఇల్లు అమ్మించినప్పటి నుంచీ వాడి సామానంతా నా షెడ్డులోనే పడి ఉంది. పీపాలు, గొట్టాలు, సోడాలో ఎక్కించే గ్యాస్ సిలిండరు, అన్నీ. నేను షెడ్డుకి తాళం వేసి తాళంచెవి మెళ్లో వేసుకున్నాను.

మూడు నెలలు వాడు సోఫాలో కూర్చుని క్రికెట్ చూశాడు. స్కోరెంతరా అని అడిగితే చెప్పలేకపోయేవాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకునేవాడు. కళ్లలో పచ్చదనం తగ్గలేదు, పాదాలు వాచిపోయి నా పాత ఉన్ని చెప్పుల్లో కూడా పట్టేవి కావు. ఉప్పు లేని కూర పెడితే మాట్లాడకుండా తిని ప్లేటు కడిగి పెట్టేవాడు. వాడు అరవకపోవడమే నాకు భయమేసింది.

జనవరిలో ఒకరోజు అడిగాడు.

"అక్కా, తాగడం మానేశాను. చెయ్యడం కూడా మానెయ్యమంటావా?"

"మానెయ్యమనే అంటాను."

"అయితే ఆ కొత్త కాలేయం ఎందుకు? ఈ సోఫాకి వేస్తారా?"

"నోరు ముయ్యి."

"నేను నోట పెట్టను. చేస్తాను, అంతే. నువ్వు తాగి చెప్పు. వారానికొక గ్లాసు. నాకు వింటే చాలు."

ఇళ్లలో బీరు కాచుకునే మా సంఘం కార్యదర్శి డెస్ ఈ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "దొంగ చేతికి తాళాలిస్తున్నావు నోలీన్. నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు. "నీ బీరుకంటే నా మతి నయమే. నీ పీపా వాసన చూసి మా కుక్క పారిపోయింది" అన్నాను. నిజం చెప్పాలంటే డెస్ అన్నది సబబే. కానీ ఆ సోఫాలో కూర్చున్న మనిషిని రోజూ చూసింది నేను, డెస్ కాదు. ఇంకో నిజం కూడా ఉంది. నా మొగుడు పోయి తొమ్మిదేళ్లైంది. నాలుక ఉండీ చెప్పుకోవడానికి మనిషి లేని ఇల్లు నాది.

తాళంచెవి మెళ్లోంచి తీసి వాడికిచ్చాను. కానీ షరతులు పెట్టాను. వండడం వాడు, పీపాల్లోకి ఎక్కించడం నేను. పీపా నిండగానే కాటా మీద బరువు చూసి, టేపు ముక్క మీద నా చేత్తో రాసి అతికిస్తాను. శనివారం నేనొక గ్లాసు తీసుకుంటాను, మళ్లీ తూచి కొత్త అంకె వేస్తాను. మధ్యలో అర గ్లాసు తగ్గినా కాటా చెబుతుంది. వాడు తలూపాడు. "నీ పెన్నుతోనే రాయి, నీ దస్తూరీ నాకు రాదులే" అని ఆ రోజు చాన్నాళ్లకి నవ్వాడు కూడా.

నాకు ఆ పని నేర్పించడంలో వాడు మళ్లీ పాత గార్త్ అయ్యాడు. బోర్లించిన ఆపిల్ పెట్టె మీద కూర్చుని, వాచిన కాలు ఇంకో పెట్టె మీద చాపుకుని అజమాయిషీ చేసేవాడు. ఖాళీ పీపాని ముందు క్రిములు చంపే మందునీళ్లతో అంచుదాకా నింపాలి. తర్వాత సిలిండర్‌లోని గ్యాస్‌తో ఆ నీళ్లన్నీ బయటికి తోసెయ్యాలి. నీళ్లు పోయిన చోట గ్యాసే మిగులుతుంది, గాలి ఉండదు. అప్పుడు బీరు పులిసిన డబ్బా నుంచి ఒక గొట్టం పీపా అడుగుకి, పీపా పైనుంచి ఇంకో గొట్టం తిరిగి డబ్బాలోకి. బీరు కిందికి దిగుతుంటే గ్యాస్ పైకి వెళ్తుంది, మూత తీసే పనే లేదు. లోపల ఎంతవరకు నిండిందో కంటికి కనపడదు కాబట్టి పీపా కాటా మీదే ఉంటుంది. ఖాళీది నాలుగు కిలోలు. ఇరవై మూడు చూపించగానే కట్టెయ్యాలి.

మొదటిసారి నేను అన్నీ సరిగ్గా చేసి, చివర్లో గొట్టం తీసుకెళ్లి పీపాకి తగిలించబోయాను.

"ఆగు! గొట్టం!" అని గావుకేక పెట్టాడు.

"గొట్టానికేమైందిరా?"

"ఆ గొట్టంలో ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీ."

"ఖాళీ ఏంటక్కా, ఖాళీ! మూరెడు గాలి ఉంది దాన్లో. పీపా అంతా తపస్సు చేసినట్టు శుభ్రం చేసి, చివర్లో మూరెడు గాలి మింగిస్తావా? ముందు బీరుతో గొట్టం నింపు. కొసనుంచి నురగ చిమ్మాలి. నేల పాడైతే పాడవనీ. అప్పుడు తగిలించు."

"మూరెడు గాలికి ఇంత రాద్ధాంతమా?"

"ఆపిల్ కోసి బల్ల మీద పెట్టు. ఎంతసేపటికి నల్లబడుతుంది? నీకు నేను చెప్పాలా?"

తర్వాత నేను గొట్టం మర్చిపోలేదు. కానీ మర్చిపోయానేమో అని చూడడానికి వాడు ప్రతిసారీ "గొట్టం, అక్కా, గొట్టం" అనేవాడు. పోస్టుమాన్ కనిపించినా అదే పలకరింపు అయిపోయింది మా ఇంట్లో.

ఇక శనివారాలు. మధ్యాహ్నం మూడింటికి నేను షెడ్డులో స్టూలు మీద కూర్చునేదాన్ని, వాడు ఎదురుగా పెట్టె మీద. గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి మొదలుపెట్టేదాన్ని. ముందు సీమ ఉసిరి పులుపు వచ్చిందిరా. వెనకాల నిమ్మతొక్క. ఇప్పుడు గొంతు దగ్గర చేదు తగిలింది, మందు చేదు కాదు, ద్రాక్షగింజ కొరికిన చేదు. వాడు కళ్లు మూసుకుని వినేవాడు. గొంతుముడి పైకీ కిందికీ ఆడేది. నేను ఇంకాస్త రెచ్చిపోయేదాన్ని. ఒక్క గ్లాసు గురించి ముప్పావుగంట చెప్పిన రోజులున్నాయి. నా ఏభై ఎనిమిదేళ్ల బతుకులో నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకడు లేడు. ఆ మూడు నెలలు నాకు పండగే. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మార్చి మొదటివారంలో హాప్ కోతలొచ్చాయి. బట్టీ దగ్గర పాత స్నేహితులు తీగ మీద నుంచి తెంపిన పచ్చి కాయలు రెండు సంచులు పంపారు. పచ్చికాయతో చేసే బీరు ఏడాదికి ఒక్కసారే. దానికున్న సున్నితం దేనికీ ఉండదు, గాలి పేరు విన్నా వాడిపోతుంది. గార్త్ రెండు రోజులు నిలబడి చేశాడు. మధ్యలో ఆయాసమొచ్చి గోడ పట్టుకున్నాడు. రెండు వారాలకి పులియడం ఆగింది. హైడ్రోమీటర్ ముంచి చూస్తే పన్నెండు చూపించింది. పాలలో నీళ్లు కలిపితే పట్టేసే గాజు గొట్టం ఉంటుందే, అలాంటిదే ఇదీ. బీరు ఎంత చిక్కగా మిగిలిందో అంకె చెబుతుంది, ఉత్త నీళ్లకి సున్నా. పుస్తకంలో పన్నెండు అని రాసి, నా చేత్తోనే పీపాలోకి ఎక్కించాను. గొట్టంలోంచి నురగ చిమ్మి నా జోళ్లు తడిశాయి. ఇరవై మూడు కిలోలు. టేపు మీద రాసి షెడ్డులో చలిపెట్టెలో పెట్టాను.

మొదటి శనివారం ఆ బీరు గ్లాసులోకి వంపితే లేత గడ్డి రంగులో మెరిసింది. ఒక గుక్క నోట్లో తిప్పి గ్లాసు కింద పెట్టేశాను.

"ఏమైంది? పాడైందా?" అని వాడు కంగారుగా లేచాడు.

"కూర్చోరా. ఇది వానకి తడిసిన హాప్ తోట. పొద్దున్నే తీగల మధ్య నడుస్తుంటే మొహానికి ఆకులు తగులుతాయి చూడు, అది. తర్వాత జామవాసన కొట్టే పండిన ఫీజోవా. గింజల దగ్గర ఉండే తీపి కాదు, తొక్క దగ్గర వగరు. బీరు ఒళ్లు నిండుగా ఉంది, పలచన అన్నదే లేదు. మింగాక కూడా పోవడం లేదురా, నాలుక మీదే కూర్చుంది."

వాడు అరచేతులు ప్యాంటుకి రుద్దుకుని బయటికి వెళ్లిపోయాడు. సంతోషం పట్టలేక వెళ్లాడనుకున్నాను.

నెలనెలా నెల్సన్ ఆసుపత్రిలో రక్తం తీసేవారు. తాగితే మూడు నాలుగు వారాల దాకా రక్తంలో దొరికిపోతుందట. ఫిబ్రవరి పరీక్ష శుభ్రంగా వచ్చింది. మార్చి చివర్లో వెళ్లాల్సిన రోజు వాడు దుప్పటి కప్పుకుని "జలుబుగా ఉందక్కా, ఫోన్ చేసి చెప్పు" అన్నాడు. ఈ రోగానికి జలుబు కూడా ప్రమాదమేనని నేనే ఆసుపత్రికి ఫోన్ చేశాను. అక్కడి నర్సు రోవెనా మంచి పిల్ల. "వేడినీళ్లు పట్టించండి నోలీన్ గారూ, వచ్చేవారం తీసుకురండి" అంది. వచ్చేవారం కూడా జలుబే. మళ్లీ నేనే ఫోన్ చేశాను. ఏప్రిల్ ఇరవైన ఆక్లాండ్ రమ్మని అప్పటికే ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను. పొద్దునే లేచి ముందు దాన్ని చూసేదాన్ని.

రెండో శనివారం, మూడో శనివారం గడిచాయి. కాటా సరిగ్గా నేను తాగిన గ్లాసంత తగ్గి చూపించేది. నేను వాడికి ముప్పావుగంట చొప్పున రుచి చెప్పాను, మూడోసారి కూడా ఒళ్లు నిండుగా ఉందనే అన్నాను.

నాలుగో శనివారం బీరు గ్లాసులోకి వంపాను. కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా గోధుమరంగుకి తిరిగింది. వాసన తడిసిన అట్టపెట్టెది. తోటా లేదు, ఫీజోవా లేదు.

"గాలి తగిలిందిరా" అన్నాను.

గార్త్ గ్లాసు తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "అవును, తగిలింది" అన్నాడు.

"నేనే చెడగొట్టాను. గొట్టం సరిగ్గా నింపలేదేమో. మూత సీలు సరిగ్గా కూర్చోలేదేమో."

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "పర్వాలేదక్కా. నీకింకా చెయ్యి తిరగలేదు. వచ్చే ఏడు మళ్లీ చేద్దాం."

వచ్చే ఏడు అన్న ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆ వారమంతా నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. తిండి సయించలేదు. వాడి ఏడాది పంట నా చేతిలో పాడైందని, వాడు నోటపెట్టలేని ఆ ఒక్క సుఖాన్ని కూడా నేనే చెడగొట్టానని కుమిలిపోయాను. వాడు నన్ను ఓదార్చాడు. టీ పెట్టి ఇచ్చాడు కూడా.

శుక్రవారం వాడు పడుకున్నాక, మధ్యాహ్నం ఎండ ఉండగానే షెడ్డులోకి వెళ్లాను. తప్పు ఎక్కడ చేశానో తెలియకపోతే మళ్లీ చేస్తాను కదా అన్నదే నా బాధ. సబ్బునీళ్లు చల్లి సీళ్లన్నీ చూశాను, ఎక్కడా బుడగ రాలేదు. కాటా మీద పెట్టి తూచాను, సరిగ్గానే ఉంది. ఇక ఏం చూడాలో తోచక, పుస్తకంలో పన్నెండు అన్న అంకె కనిపిస్తే, ఊరికే, చెయ్యి ఊరుకోక, కొంచెం బీరు తీసి హైడ్రోమీటర్ ముంచాను.

ఆరు చూపించింది.

కడిగి మళ్లీ ముంచాను. ఆరు. పులియడం ఆగిపోయిన బీరు చలిపెట్టెలో కూర్చుని సగం పలచబడదు. సగం పలచబడాలంటే ఒకటే దారి, నీళ్లు. కాటాని నేను బరువు అడిగాను, బరువు చెప్పింది. బీరా నీళ్లా అని నేనెప్పుడూ అడగలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ పీపాని నమ్మాను.

బల్ల కింద వెతికితే దొరికింది. ఖాళీ నిమ్మసోడా సీసా, దాని మూతకి గొట్టం తగిలించుకునే పిడి బిగించి ఉంది. వాడు నీళ్లు ఆ సీసాలో పోసి, గ్యాస్‌తో తోసి, మూత తియ్యకుండా పీపాలోకి ఎక్కించాడు. నాకు నేర్పిన పద్ధతే. ఎంత తాగాడో అంత నీళ్లు, గ్రాము తేడా లేకుండా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత.

వాణ్ణి లేపి తీసుకొచ్చాను. గాజు గొట్టం చేతికిచ్చాను.

"అంకె చదువు."

వాడు చదవలేదు. సీసా వైపు చూశాడు. పెట్టె మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచిరా?"

"ఆ మొదటి శనివారం సాయంత్రం నుంచి."

"ఎందుకు?"

"నువ్వు చెప్పావు కదక్కా." ఆ మాటలో నిష్ఠూరం లేదు, అది నాకు ఇప్పటికీ గుర్తే. "తడిసిన తోట అన్నావు. నేను బయటికెళ్లి హాప్ తోటలోకి వెళ్లి నిలబడ్డాను, కోతలైపోయాయి, ఏమీ లేదు. ఒక్క గ్లాసే అనుకున్నాను. నాలుక మీద నువ్వు పెట్టావు, దాన్ని ఒక్కసారి కడిగేసుకుందామని."

మూడు నెలల శనివారాలు కళ్లముందు తిరిగాయి. వాడి గొంతుముడి ఆడటం, నేను రెచ్చిపోవడం. నేను వాడికి చెవిలో పోశాను, ప్రతి శనివారం, ముప్పావుగంట.

"నీళ్లు రెండుసార్లు మరగబెట్టాను, గాలి పోవాలని" అని వాడు నేలవైపు చూస్తూ చెప్పుకుపోతున్నాడు. "మూడుసార్లు బాగానే కుదిరింది. పోయిన వారం నువ్వు మందుల షాపునుంచి తొందరగా వచ్చేశావు. కారు చప్పుడైంది. కంగారులో తగిలించేశాను." తలెత్తి నన్ను చూశాడు. "గొట్టంలో గాలి కదూ?"

"గొట్టంలో గాలే."

"అనుకున్నాను" అని పళ్లు కొరికాడు. చావుకి దగ్గరైన మనిషి, తప్పు దొరికిన పనివాడిలా సిగ్గుపడ్డాడు. నాకు జాలేసింది. జాలి వెనకాలే కోపమూ వచ్చింది.

"వారం రోజులు నా చేతిని నేను తిట్టుకున్నానురా. నువ్వు టీ పెట్టిచ్చావు."

"ఏం చెప్పమంటావు? నేను తాగాను, నీళ్లు పోశాను అని చెప్పమంటావా?"

"చెప్పమనే అంటాను!"

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతులు చల్లగా ఉన్నాయి. "అక్కా, ఇంకొక్కసారి ఫోన్ చెయ్యి. ఈసారి ఛాతీలో నిమ్ము అను, తారీఖు వెనక్కి జరుపుతారు. మూడు వారాలు. రక్తం శుభ్రమైపోతుంది. ఇవాళే ఇవన్నీ డెస్‌కి ఇచ్చెయ్యి, తీసుకెళ్లిపోమను. మూడు వారాలు నన్ను గదిలో పెట్టి తాళం వెయ్యి, కావాలంటే."

నేను ఒప్పుకున్నాను. అది చెప్పాలి. ఎవరేమనుకున్నా ఆ నిమిషంలో నేను అబద్ధం చెప్పడానికి ఒప్పుకున్నాను. నా తమ్ముడు. జేబులోంచి ఫోన్ తీశాను. నంబరు నొక్కాను. అవతల మోగుతోంది.

మోగుతుండగా, ఎందుకో, అడిగాను. "మూడో శనివారం నాడు ఎన్ని నీళ్లున్నాయిరా దాన్లో?"

"మూడోవంతు."

మూడో శనివారం నేనేమన్నానో నాకు గుర్తుంది. వాడికీ గుర్తుంది. వాడి పెదవి ఒక కొస పైకి లేచింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు.

"ఒళ్లు నిండుగా ఉందన్నావు కదక్కా" అని నవ్వాడు.

మా చిన్నప్పుడు నేను పడితే నవ్విన నవ్వే అది, అందులో విషమేమీ లేదు. కానీ నా ఇరవై రెండేళ్ల బెల్టు, నా కన్ను, నా నాలుక, లోయంతా చెప్పుకునే నోలీన్ చెప్పిన రుచి, అన్నీ ఆ నవ్వు కింద పడి నలిగాయి. అప్పుడే రోవెనా ఫోన్ ఎత్తింది.

"నోలీన్ గారూ! మళ్లీ జలుబేనా ఏంటి మా గార్త్ గారికి?"

"జలుబు కాదమ్మా. తాగుతున్నాడు."

గార్త్ నవ్వు ఆగిపోయింది.

"దాదాపు నాలుగు వారాలై తాగుతున్నాడు. పంతొమ్మిది లీటర్లలో తొమ్మిదిన్నర తాగాడు. ఆ రెండు జలుబులూ అబద్ధాలే." మచ్చకాయ పక్కకి తోసినట్టే చెప్పాను.

రోవెనా గొంతు తగ్గించి అడిగింది. "ఆయన పక్కనే ఉన్నారా?"

"ఉన్నాడు."

"నేనిది రాసుకోవాలండీ. నాకు చెప్పాక రాయకుండా ఉండలేను. మీకు తెలుసు కదా?"

"తెలుసు. రాసుకో."

ఫోన్ పెట్టేసి చూస్తే గార్త్ లేచి సిలిండరు దగ్గరికి వెళ్తున్నాడు. మర తిప్పి గ్యాస్ కట్టేశాడు. ఎప్పుడు షెడ్డులోంచి వెళ్లినా ముందు ఆ పని చేసేవాడు. గొట్టాలు విప్పి చుట్టి మేకుకి తగిలించాడు. "నిజమే చెప్పావులే" అని నా పక్కనుంచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే నేను పీపా బయటికి దొర్లించి, మూత తీసి, మొత్తం వెనకాల కాలవలోకి పారబోశాను.

లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలైంది. ఆరు నెలలంటే అక్టోబరు. డాక్టరు చెప్పింది నిజమే, వాడి దగ్గర రెండో ఆరు నెలలు లేవు.

ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. డెస్ వచ్చి, "చాలా కష్టమైన పని చేశావు నోలీన్, నిజం చెప్పడానికి గుండె కావాలి" అన్నాడు. ఇంటికొచ్చిన పాస్టరు గారు కూడా అదే అన్నారు. వాళ్లకి టీ ఇచ్చి పంపించాను. నేను నిజం కోసం నిజం చెప్పలేదు. వాడు నవ్వినందుకు చెప్పాను. ఆ నవ్వు ఇంకో పది సెకన్లు ఆలస్యంగా వచ్చి ఉంటే నేను ఛాతీలో నిమ్ము అనే చెప్పేదాన్ని, మూడు వారాలు వాడి గది బయట కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. వాడు ఆగేవాడా, మళ్లీ తాగేవాడా, నాకు తెలియదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేను.

ఆ తర్వాత వాడు నిజంగానే మానేశాడు. మూడు నెలలు చుక్క ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో అడగడానికి నాకు నోరు రాలేదు.

జులైలో, మా వైపు నడి చలికాలంలో, నెల్సన్ ఆసుపత్రిలో చేర్చాను. కిటికీ అవతల పొద్దున్నే మంచు తెల్లగా పట్టేది. పొట్టలో నీళ్లు తీస్తుంటే మళ్లీ చేరేవి. మాట తడబడేది, ఏ ఏడో తెలిసేది కాదు. ఒక్కోసారి నన్ను షెరిల్ అనేవాడు, ఒక్కోసారి అమ్మా అనేవాడు. నేను పేరు సరిదిద్దేదాన్ని కాదు.

పోవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, కళ్లు తెరిచి తిన్నగా నన్నే చూశాడు.

"అక్కా, ఇవాళ శనివారమా?"

కాదు, మంగళవారం. "అవునురా" అన్నాను.

"పచ్చికాయ బీరు తీశావా?"

"తీశాను."

"గొట్టం?"

"నింపాను. నురగ చిమ్మింది. జోళ్లు తడిశాయి."

తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. "ఎలా ఉంది, చెప్పు."

నా నాలుక మీద ఏమీ లేదు. ఏప్రిల్ నుంచి నేను ఒక్క గుక్క తాగలేదు. అయినా మొదలుపెట్టాను. వానకి తడిసిన తోటరా. తీగల మధ్య నడుస్తుంటే ఆకులు మొహానికి తగులుతున్నాయి. ఫీజోవా వచ్చింది, తొక్క దగ్గర వగరు. వాడి ఎండిన గొంతులో ముడి ఒకసారి పైకి లేచి దిగింది.

"ఒళ్లు నిండుగా ఉంది" అన్నాను.

వాడి పెదవి ఒక కొస పైకి లేచింది. షెడ్డులో చూసినట్టే, అదే కొస. అది హాయిగా నవ్విన నవ్వో, నన్ను చూసి నవ్విన నవ్వో నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు. గాజు గొట్టం ముంచి చూసుకునే వీలు ఇక్కడ లేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాడికి నిద్రపట్టేదాకా, పట్టాక కూడా, రుచి చెబుతూనే ఉన్నాను.